పాలకొల్లు పిల్లవాడు, అయిదు తీగల మాండలిన్

మా మదనపల్లెకు సంగీత చరిత్రలో ఒక పేజీ రాసిపెట్టి ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి అతిథిగా రావడం, జనగణమన పాడి వినిపించడం, ఐర్లండులో సంగీతం పట్టా పుచ్చుకుని ఈ దేశానికి వచ్చిన మార్గరెట్ కజిన్స్ గారు ఆ బాణీని పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టడం, ఈ ఊళ్ళో చదువుకున్న ప్రతివాడికీ తెలిసిన సంగతే. ఆ పాటకు ఠాకూరు ఇక్కడే చేసిన ఇంగ్లీషు అనువాదం మీద తేదీ ఫిబ్రవరి 28. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1969 ఫిబ్రవరి 28న, పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. తేదీలు కలవడం కాకతాళీయమే అనుకోండి. కానీ రెండు చోట్లా ఎదురైన ప్రశ్న మాత్రం ఒక్కటే. పాట మనది, సాధనం పరాయిది. పరాయి సాధనంలో మన పాట ఇముడుతుందా?

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశాడు. ఈ ఏడు మన కాలేజీలో మొదటి సంవత్సరంలో చేరిన పిల్లలు అప్పటికి పలకా బలపం పట్టుకునే వయసు వాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఆ పేరు ఇప్పుడు గోడమీది పటం లాంటిది. మా ఈడు పూర్వ విద్యార్థులకు మాత్రం ఆ పేరు వింటే చెవుల్లో ఇంకా తీగ మోగుతుంది. సంచికకు ఎవరైనా మహానుభావుడి జీవితం రాయమని విద్యార్థి సంఘం వాళ్ళు అడిగినప్పుడు నేను ఆయన్ని ఎంచుకోవడానికి కారణం, ఆయన బాల మేధావి కావడం ఒక్కటే కాదు. బాల మేధావుల కథలు మనకు కొదవ లేదు. నేను భౌతికశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి. పాడడం రాదు, వినడం మాత్రం వచ్చు. ఆ జీవితంలో నన్ను కట్టిపడేసేది, ఆ చేతిలోకి ఏ వాద్యం వచ్చింది, ఎందుకు వచ్చింది, దాన్ని ఎలా మార్చుకున్నారు అన్న సంగతి.

పాలకొల్లు పంచారామాల్లో ఒకటైన క్షీరారామం ఉన్న ఊరు. తండ్రి సత్యనారాయణ గారు సంగీతం నేర్చినవారు. ఇంట్లో ఒక మాండలిన్ ఉండేది. అయిదారేళ్ళ పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకుని వాయించబోయాడు. ఆ రోజుల్లో మన దేశంలో మాండలిన్‌కున్న పరపతి ఏపాటిది? సినిమా పాటల్లో రెండు గీతల మధ్య ఘల్లుమనిపించేది, పెళ్ళిళ్ళలో లైటు మ్యూజిక్ పార్టీ వాళ్ళు వాయించేది, అంతే. కచేరీ వేదిక మీద దానికి చాప వేసినవాళ్ళు అరుదు. తండ్రి కొడుకు చేతి వాటం గమనించి, కొత్త మాండలిన్ కొనిచ్చి, తనకు తెలిసింది తానే నేర్పడం మొదలుపెట్టారు.

తర్వాత ఆ పిల్లవాడు తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర చేరాడు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్రం మనిషి. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. అందుచేత ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాడినదాన్ని తీగమీద వెతుక్కునేవాడు. ఈ చిన్న విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మాండలిన్ వచ్చిన గురువు దొరికి ఉంటే, ఆ వాద్యానికి ఏది సుళువో అది ముందు నేర్పేవాడు. గాత్రం గురువు కావడంతో, గొంతులో ఏది పలికితే అదే తీగమీద పలకాలి, వాద్యానికి కుదరదంటే ఒప్పుకునే దారి లేదు. ఆ పసివాడి ముందున్న కొలబద్ద మనిషి గొంతు. 1976లో, ఏడేళ్ళ వయసులో, గురువుగారి కొడుకు వాసూరావు గారి ద్వారా పాశ్చాత్య సంగీతం కూడా చెవిన పడింది. ఒక చెవిలో కీర్తన, ఒక చెవిలో గిటారు. ఇంతకంటే మంచి బడి ఏముంటుంది?

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఇటలీనుంచి వచ్చిన మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు, మొత్తం ఎనిమిది. తీగ పొడుగు జానెడున్నర. మీటితే శబ్దం టింగుమని పుట్టి చప్పున ఆరిపోతుంది. స్వరాన్ని నిలపాలంటే వాయించేవాడు మీటును గబగబా పైకీ కిందికీ ఆడించాలి. సినిమా పాటల్లో మనం వినే ఆ వణుకు అదే. కర్ణాటక సంగీతానికి అది చాలదు. మన స్వరం నిలబడి ఉండదు, ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. తోడిలో గాంధారాన్ని కదలకుండా నిలబెడితే అది తోడి గాంధారం కాదు. వీణ మీద అయితే పొడుగాటి తీగను మెట్టు మీద పక్కకు లాగి ఆ ఊపు తెస్తారు. మాండలిన్ మీద జంట తీగల్ని ఒకే కొలతలో లాగడం గగనం. ఒకటి కొంచెం ఎక్కువ లాగితే రెండూ రెండు శ్రుతులు పలుకుతాయి. ఒకవేళ లాగినా, ఊపు పూర్తయ్యేలోగా శబ్దమే చచ్చిపోతుంది.

పరాయి వాద్యాన్ని మనవాళ్ళు ఎప్పుడూ పుట్టిన ఊరు చూసి తోసేయలేదు. వయొలిన్‌ను బాలుస్వామి దీక్షితుల కాలంలోనే ఇంట్లోకి రానిచ్చారు. మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది తెలుగే మాట్లాడింది. దానికి మెట్లు లేవు కనక గమకం హాయిగా పలికింది. హార్మోనియంకు మాత్రం ఆ యోగం పట్టలేదు. దాని మెట్టు నొక్కితే పలికేది ఆ ఒక్క స్వరమే, ఊపు లేదు. ఆకాశవాణి 1940లో దాన్ని వెలివేసి 1971 దాకా గడప తొక్కనీయలేదు. అంటే జల్లెడ ఒకటే, గమకం. శ్రీనివాస్ చేతిలో మాండలిన్ ఆ జల్లెడలోంచి దిగకపోతే, ఎంత ముద్దుగా వాయించినా అది చిన్నపిల్లవాడి గారడీగానే మిగిలిపోయేది.

దిగింది. ఎలాగంటే, రెండు మార్పులతో. ఒకటి, ఎనిమిది తీగల బదులు అయిదు విడి తీగలు. జంట పోయింది కనక తీగను లాగడానికి వీలు చిక్కింది. అయిదో తీగతో గొంతు పరిధి పెరిగింది. రెండోది, బోలు బుర్ర బదులు గట్టి చెక్క, దాని మీద విద్యుత్ పికప్. బోలు వాద్యంలో తీగ శక్తి పలకలోకీ గాలిలోకీ తొందరగా కారిపోతుంది. అందుకే పెద్దగా మోగి తొందరగా ఆరుతుంది. గట్టి చెక్క ఆ శక్తిని తాగదు. తీగ చాలాసేపు కంపిస్తూనే ఉంటుంది, చప్పుడు మాత్రం చెవికి ఆనదు. ఆ పని పికప్పూ ఆంప్లిఫయరూ చూసుకుంటాయి. ఒక్క మీటుతో నాలుగు స్వరాల మీదుగా జారి రావడానికి కావలసిన సమయం అలా దొరికింది.

ఈ అయిదు తీగల విద్యుత్ మాండలిన్ లోకంలో అదివరకు లేనిదేం కాదు. 1952లో కాలిఫోర్నియాలో పాల్ బిగ్‌స్బీ అనే పనివాడు టైనీ మూర్ అనే వాద్యకారుడికి అలాంటిది ఒకటి చేసిచ్చాడు. 1956లో లియో ఫెండర్ కంపెనీ నాలుగు తీగలతో ఒకటి అమ్మకానికి పెట్టింది. వాళ్ళు చేసింది పెద్ద నాట్యశాలల్లో డ్రమ్ముల మధ్య వినపడడం కోసం. మనవాడి చేతిలో అదే సాధనం త్యాగరాజ కృతికి గొంతు కావడానికి పనికొచ్చింది. వస్తువు ఒకటే, అవసరం వేరు.

ఇక్కడ పికప్ గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు. ఎందుకంటే ఈ ఏడు మన విద్యార్థి సంఘం ఆర్కెస్ట్రాకు ఎలక్ట్రిక్ గిటారు కొనాలని తీర్మానం చేసి, సలహా కమిటీలో నన్నూ వేశారు. సింగిల్ కాయిల్ కావాలని కొందరు, హంబకర్ కావాలని కొందరు, రెండూ కలిసినది కావాలని కొందరు కారిడార్లలో కత్తులు దూసుకుంటున్నారు. మాండలిన్‌కు పట్టిన చిక్కే గిటారుకూ పట్టింది కనక ఇది దారి తప్పడం కాదు.

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. దాని ఎదుట ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత అభివాహం మారి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే నియమం, మీరు ఇంటర్మీడియట్‌లో వల్లె వేసిందే. ఒక్క చుట్ట ఉంటే సింగిల్ కాయిల్. శబ్దం గాజుముక్కలా స్వచ్ఛంగా, మీటిన ప్రతి చోటూ విడివిడిగా వినిపిస్తుంది. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో అలాంటివి మూడు. అయితే ఆ చుట్టకు మంచీ చెడూ విచక్షణ లేదు. గోడలోని కరెంటు తీగలనుంచీ, ట్యూబులైటు చోకునుంచీ, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌నుంచీ వచ్చే 50 సైకిళ్ళ రొదను కూడా పట్టుకుని స్పీకర్లో గుంయ్‌మనిపిస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ దానికి విరుగుడు కనిపెట్టాడు. రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, అయస్కాంత ధ్రువాలూ తిప్పాడు, చుట్టల దిశా తిప్పాడు. బయటి రొద రెండింట్లోనూ ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి చంపుకుంటుంది. తీగ నాదం మాత్రం రెండు తిప్పళ్ళ వల్లా కలిసి రెట్టింపవుతుంది. ఇదే హంబకర్. 1957నుంచి గిబ్సన్ గిటార్లలో వస్తోంది. లాభంతోపాటు నష్టమూ ఉంది. రెండు చుట్టలూ తీగను రెండు చోట్ల వింటాయి కనక కొన్ని సన్నటి పై స్వనాలు అందులో కొట్టుకుపోతాయి. శబ్దం బలంగా, నిండుగా, కాస్త మెత్తగా ఉంటుంది.

రెండూ కలిపితే ఎలా ఉంటుంది? 1972లో వచ్చిన ఫెండర్ టెలీకాస్టర్ కస్టమ్‌లో, గిబ్సన్ వదిలి ఫెండర్‌లో చేరిన ఆ సెత్ లవరే చేసిన హంబకర్ మెడ వైపునా, పాత సింగిల్ కాయిల్ బ్రిడ్జి వైపునా పెట్టారు. తర్వాతి కాలంలో బ్రిడ్జి దగ్గర హంబకర్, మధ్యలోనూ మెడ దగ్గరా సింగిల్ కాయిల్ అన్న అమరిక ఎక్కువ వాడుకలోకి వచ్చింది. కమిటీలో నేను ఈ రకానికే ఓటు వేశాను. మన ఆర్కెస్ట్రా ఒకే సాయంత్రం సినిమా పాటా వాయించాలి, రాక్ పాటా వాయించాలి, వార్షికోత్సవంలో ప్రార్థన గీతం వెనకా వాయించాలి. ఆడిటోరియంలో కరెంటు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. కొనేటప్పుడు చూడవలసినవి ఇవి. అయిదు స్థానాల స్విచ్చిని ఒక్కో స్థానంలో పెట్టి వినండి. రెండు సింగిల్ కాయిళ్ళు కలిసి పలికే స్థానంలో రొద తగ్గితే, మధ్యది ఎదురు చుట్టు చుట్టిందని అర్థం, అది మంచి లక్షణం. హంబకర్‌నుంచి సింగిల్ కాయిల్‌కు మారినప్పుడు శబ్దం ఒక్కసారిగా పడిపోతే, పికప్పుల పక్క మరలు తిప్పి, హంబకర్‌ను తీగలకు కొంచెం దూరం చేసి సరిచూసుకోవచ్చు. ట్యూబులైటు వెలుగుతుండగా వినండి, ఆర్పించి వినండి. అన్నిటికన్నా ముందు ఆంప్లిఫయరు మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తు ఉందో లేదో చూడండి. గిటారు రంగు చివర చూడొచ్చు.

ఇంత చెప్పినా, ఏ పికప్పూ గమకం వాయించదు. అది వేలు చేసే పని. శ్రీనివాస్ కథ మళ్ళీ అందుకుంటే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ళ పిల్లవాడు తొలి కచేరీ చేశాడు. కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబరు సీజనులో, పన్నెండేళ్ళ వయసులో, ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో కచేరీ. డిసెంబరు మద్రాసు అంటే మాటలు కాదు. ముందు వరసలో కూర్చునేవాళ్ళు తాళం తప్పితే తలెత్తి చూస్తారు, గమకం తప్పితే లేచి వెళ్ళిపోతారు. వైరు తగిలించిన చెక్కముక్కను చూసి పెదవి విరిచినవాళ్ళు ఉండే ఉంటారు. ఆ పెదవి విరుపుకు ఆ పిల్లవాడు వాదన చెప్పలేదు, రాగం వాయించాడు. అంతకు మించిన వాదన లేదు కూడాను. కొద్ది ఏళ్ళలోనే సభలవాళ్ళు ఆయన కోసం వరస కట్టారు. క్యాసెట్లు మా మదనపల్లె దాకా వచ్చాయి. నేను మొదట విన్నది అలా ఒక క్యాసెట్‌లోనే. పేరు చూడకుండా విని, ఇదేదో వీణకూ నాగస్వరానికీ పుట్టిన బిడ్డలాగుందే అనుకున్నాను.

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి పిలుపొచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్లవాడు, జాజ్ వినడానికి వచ్చిన జర్మన్ శ్రోతలకు కర్ణాటక సంగీతం వినిపించి వచ్చాడు. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ సందర్భంగా జరిగిన కళోత్సవంలో వాయించాడు. 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి డ్రీమ్ అనే రికార్డు చేశాడు. 1998లో, ఇరవై తొమ్మిదేళ్ళకే, పద్మశ్రీ వచ్చింది. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల రిమెంబర్ శక్తి బృందంలో చేరి లోకమంతా తిరిగాడు. సెల్వగణేశ్, శంకర్ మహదేవన్‌లు ఆ బృందంలో తోటివాళ్ళు. ఎలక్ట్రిక్ గిటారులో అంత పేరున్న మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని, ఆయన వేసిన ప్రతి పల్లవికీ మన పిల్లవాడు గమకంతో జవాబిస్తుంటే, ఏది పరాయి వాద్యం, ఏది మన వాద్యం అన్న ప్రశ్నే ఎగిరిపోతుంది. ఇన్ని దేశాలు తిరిగినా, ఇంత మందితో కలిసి వాయించినా, సొంత కచేరీలో మాత్రం పద్ధతి తప్పలేదు. వర్ణం, కృతి, ఆలాపన, తని ఆవర్తనం, అన్నీ పెద్దలు పెట్టిన వరసలోనే.

మనిషి మెతక. గొంతెత్తి మాట్లాడినట్టు ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు. వేదిక మీద ఎంత కష్టమైన సంగతి పడినా ముఖంలో చిరునవ్వు చెదిరేది కాదు. తమ్ముడు రాజేష్ ఆ వాద్యాన్నే చేపట్టి అన్న పక్కన కూర్చునేవాడు. ఒకప్పుడు ఇంటిపేరు ఉప్పలపు అయినా, లోకం ఆయనకు మాండలిన్ అన్న ఇంటిపేరు పెట్టింది. వాద్యం పేరే మనిషికి ఇంటిపేరు కావడం మనలో పెద్ద గౌరవం. వీణకూ వయొలిన్‌కూ అంతకుముందే దక్కిన గౌరవం అది. పెళ్ళి పందిట్లో ఒక మూల కూర్చున్న వాద్యానికి ఆయన దాన్ని సంపాదించి పెట్టాడు.

నలభై అయిదేళ్ళ వయసులో కాలేయం దెబ్బతిని, మార్పిడి శస్త్రచికిత్స తర్వాత తలెత్తిన ఇబ్బందులతో చెన్నై ఆసుపత్రిలో ప్రాణం పోయింది. కర్ణాటక విద్వాంసుడికి నలభై అయిదంటే పరిపాకం మొదలయ్యే వయసు. చాలామంది అప్పటికి అప్పుడే నిలదొక్కుకుంటారు. తొమ్మిదో ఏట మొదలుపెట్టినవాడు కనక మూడున్నర దశాబ్దాల కచేరీలు మనకు మిగిలాయని సర్దుకోవాలే తప్ప, పోయినదానికి లెక్క కట్టలేం.

మీలో గిటారో, కీబోర్డో, మరేదో చేతబట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పుంగనూరు, కుప్పం వైపునుంచి వచ్చిన పిల్లల్లో తప్పెటా డోలూ వాయించే ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. వాద్యం ఖరీదు చూసి సిగ్గుపడకండి, విదేశీ బ్రాండు చూసి పొంగిపోకండి. ముందు పాట చెవికెక్కాలి. గొంతులో ఆ పాట ఎలా ఊగుతుందో తెలియాలి. అప్పుడు మీ వాద్యం దేన్ని పలకలేకపోతోందో మీకే తెలుస్తుంది. తీగ తీసేయాలో, చుట్ట మార్చాలో, రెండు రకాలు కలపాలో ఆ లోపమే చెబుతుంది. పాలకొల్లు పిల్లవాడు గురువు గొంతును తీగమీద వెతుక్కున్నాడు. ఎనిమిది తీగల్లో అది దొరకలేదు, అయిదు తీగల్లో దొరికింది.